మాల్గుడి తొలి ప్రతులు: ఆర్.కె. నారాయణ్ ఫస్ట్ ఎడిషన్లను గుర్తుపట్టడం, సేకరించడం, పరిశోధించడం

పాత పుస్తకాల జాబితాల్లో ఆర్.కె. నారాయణ్ తొలి ఇంగ్లిష్ నవల గురించి 'స్వామి అండ్ ఫ్రెండ్స్, ఫస్ట్ ఎడిషన్, 1935' అన్న వరస తరచూ కనిపిస్తుంది. ఫొటో పెద్దది చేసి చూస్తే మాత్రం చాలాసార్లు టైటిల్ పేజీ అడుగున 'ఇండియన్ థాట్ పబ్లికేషన్స్, మైసూరు' అని ఉంటుంది. నారాయణ్ ఆ సంస్థను పెట్టింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఇంగ్లండుతో రాకపోకలు తెగిపోయి తన పుస్తకాలు తానే వేసుకోవాల్సి వచ్చినప్పుడు. 1935లో ఆ నవలను వేసింది లండన్‌లోని హమీష్ హామిల్టన్. అమ్మేవాళ్లకు మోసం చేసే ఉద్దేశం ఉండకపోవచ్చు. లోపల 'ఫస్ట్ పబ్లిష్డ్ 1935' అని ఉంది, దాన్నే ఎత్తి రాశారు. ఆ మాట నవల ఎప్పుడు వెలువడిందో చెబుతుంది, మన చేతిలోని ప్రతి ఎప్పుడు అచ్చయిందో చెప్పదు.

తొలి ముద్రణల సేకరణలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇలా ఒక్క వాక్యాన్ని నమ్మడం వల్లే వస్తాయి. ప్రచురణకర్త, ఊరు, వెల, చిరునామా, కాగితం, జాకెట్ (అట్ట మీద వదులుగా తొడిగే కాగితం) మీది మాటలు, బయటి రికార్డులు, ఇవన్నీ ఒకే సంవత్సరాన్ని చూపించాలి. వాటిలో ఒక్కటి ఎదురు తిరిగినా డబ్బు కట్టే ముందు ఆగాలి. నారాయణ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆయన మైసూరులో కూర్చుని రాశారు, పుస్తకాలు మాత్రం లండన్‌లో, అమెరికాలో, మైసూరులో విడివిడిగా అచ్చయ్యాయి. 'రచయిత సొంత దేశంలో వచ్చిందే మొదటిది' అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఏ పుస్తకానికి ఆ పుస్తకమే తేల్చుకోవాలి.

ముందుగా కూర్పుకూ ముద్రణకూ ఉన్న తేడా. ఒకసారి కూర్చిన అచ్చుతో వేసిన ప్రతులన్నీ ఒకే కూర్పు, అంటే ఎడిషన్. ఆ కూర్పు నుంచి ఒక విడతలో అచ్చేసినవి ఒక ముద్రణ, అంటే ఇంప్రెషన్. మొదటి కూర్పు నుంచి మూడు నెలల తర్వాత రెండో విడత వేస్తే అది మొదటి కూర్పే గానీ మొదటి ముద్రణ కాదు. సేకరించేవాళ్లు కోరేది మొదటి కూర్పులో మొదటి ముద్రణ. తెలుగు ప్రచురణల్లో 'ద్వితీయ ముద్రణ' అన్న పేరుతోనే కొత్తగా కూర్చిన పుస్తకాలూ వచ్చాయి కాబట్టి అట్ట మీది మాటకంటే పేజీల లెక్కను నమ్మడం మంచిది.

ఏ నవల ఎక్కడ మొదట వచ్చింది

'స్వామి అండ్ ఫ్రెండ్స్' హమీష్ హామిల్టన్, 1935. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మిత్రుడి ద్వారా రాతప్రతి ఇంగ్లిష్ నవలాకారుడు గ్రాహం గ్రీన్ చేతికి చేరడం, ఆయన దాన్ని ప్రచురణకర్తకు సిఫారసు చేయడం అందరికీ తెలిసిన కథే. 'ది బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్' 1937లో నెల్సన్ వేసింది, గ్రీన్ ముందుమాటతో. 'ది డార్క్ రూమ్' 1938లో మాక్‌మిలన్. మొదటి మూడు నవలలకు ముగ్గురు ప్రచురణకర్తలు! అమ్మకాలు అంతంతమాత్రం కావడంతో ఒక్కరూ నిలవలేదు. ఈ మూడూ ఈరోజు అరుదుగా దొరకడానికీ అదే కారణం. జాకెట్‌తో సహా దొరకడం మరీ అపురూపం.

యుద్ధం తర్వాత 'ది ఇంగ్లిష్ టీచర్' (1945), 'మిస్టర్ సంపత్' (1949) ఐర్ అండ్ స్పాటిస్‌వుడ్ నుంచి వచ్చాయి. గ్రీన్ కొంతకాలం ఆ సంస్థ డైరెక్టర్లలో ఒకరు. తర్వాత మెథ్యూన్: 'ది ఫైనాన్షియల్ ఎక్స్‌పర్ట్' (1952), 'వెయిటింగ్ ఫర్ ది మహాత్మా' (1955), 'ది గైడ్' (1958). అమెరికాలో మొదట మిషిగన్ స్టేట్ కాలేజీ ప్రెస్ ఆయన్ని పరిచయం చేసింది, 'ది గైడ్' నుంచి వైకింగ్ ప్రెస్ అందుకుంది. అక్కడితో దిశ మారింది. 'ది మ్యాన్ ఈటర్ ఆఫ్ మాల్గుడి' వైకింగ్ నుంచి 1961లో వస్తే లండన్‌లో హైనెమాన్ ముద్రణ 1962లో వచ్చింది. 'ది పెయింటర్ ఆఫ్ సైన్స్' ('సైన్స్' అంటే ఇక్కడ సైన్ బోర్డులు) కూడా అంతే, వైకింగ్ 1976, హైనెమాన్ 1977. లండన్ ప్రతే మొదటిదన్న అలవాటుతో ఈ రెండింటి బ్రిటిష్ ముద్రణలకు ఎక్కువ ధర పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చివర్లో వచ్చిన 'ది గ్రాండ్‌మదర్స్ టేల్' మైసూరులో ఇండియన్ థాట్ నుంచే 1992లో ముందు వచ్చింది.

పేర్లు మారిన పుస్తకాలు మరో చిక్కు. 'గ్రేట్‌ఫుల్ టు లైఫ్ అండ్ డెత్' (1953) వేరే నవల కాదు, 'ది ఇంగ్లిష్ టీచర్' అమెరికన్ ముద్రణ. 'ది ప్రింటర్ ఆఫ్ మాల్గుడి' (1957) అంటే 'మిస్టర్ సంపత్'. 1967లో వైకింగ్ 'ది వెండర్ ఆఫ్ స్వీట్స్' అని వేసిన నవలే లండన్‌లో బాడ్లీ హెడ్ నుంచి 'ది స్వీట్ వెండర్' అయింది. దీనికి పూర్తిగా తిరగేసిన చిక్కు 'మాల్గుడి డేస్'. 1943లో ఇండియన్ థాట్ వేసిన కథల సంపుటి ఒకటి. 1982లో అదే పేరుతో అమెరికాలో, ఇంగ్లండులో వచ్చింది వేర్వేరు సంపుటాల నుంచి ఏరిన కథలకు కొన్ని కొత్తవి కలిపిన సంకలనం. రెండూ 'ఫస్ట్ ఎడిషన్' అని చెప్పుకోగలవు, కానీ పుస్తకాలు వేరు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు పుస్తకం పేరు ఒక్కటే కొడితే వేల పునర్ముద్రణల్లో మునిగిపోతాం. ప్రచురణకర్త పేరు, సంవత్సరం కలిపి కొట్టాలి. మారిన పేరుతోనూ విడిగా వెతకాలి. అమెరికన్ పేరును గుర్తుపట్టక తక్కువ వెలకు పెట్టిన ప్రతులు అలాగే దొరుకుతాయి.

కాపీరైట్ పేజీ చెప్పేది, దాచేది

మెథ్యూన్, హమీష్ హామిల్టన్ వంటి బ్రిటిష్ సంస్థల పుస్తకాల్లో టైటిల్ పేజీ వెనక 'ఫస్ట్ పబ్లిష్డ్' అని సంవత్సరం ఉండి, కింద రీప్రింట్ల ప్రస్తావన లేకపోతే అది మొదటి ముద్రణ కావడానికి అవకాశం ఎక్కువ. వైకింగ్ పుస్తకాల్లో 'ఫస్ట్ పబ్లిష్డ్ ఇన్ 1961 బై ది వైకింగ్ ప్రెస్' తరహా వాక్యం ఉంటుంది. తర్వాతి ముద్రణలైతే ఆ సంగతి కింద చేరుతుంది. ఇండియన్ థాట్ పునర్ముద్రణల్లో మాత్రం మొదటి లండన్ సంవత్సరం పైన ఉండి, భారతీయ ముద్రణల సంవత్సరాలు దాని కింద వస్తాయి. అమ్మకానికి పెట్టిన ఫొటోలో పై వరసే కనిపిస్తే కింది సగం ఫొటో అడిగి తెప్పించుకోవాలి.

ఆ వాక్యాలు లేకపోయినా, ఉన్నవి నమ్మకంగా అనిపించకపోయినా తేదీ తేల్చే గుర్తులు పుస్తకంలో చాలా ఉంటాయి. వాటిలో మొదటిది వెల. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. వెల రూపాయలు, అణాల్లో ఉంటే పుస్తకం దాదాపుగా అంతకు ముందుదే. 'నయా పైసలు' అని ఉంటే 1957–64 మధ్యది, ఎందుకంటే 1964 జూన్‌లో 'నయా' తీసేశారు. రూపాయికి ఇప్పుడు వాడే ₹ గుర్తు 2010లో వచ్చింది. బ్రిటిష్ జాకెట్ మీద షిల్లింగులు, పెన్నీలు ఉంటే 1971 ఫిబ్రవరికి ముందుది. ఆ మార్పు జరుగుతున్న ఒకటి రెండేళ్లలో షిల్లింగుల వెల, కొత్త పౌండ్ల వెల రెండూ పక్కపక్కనే వేశారు.

రెండోది చిరునామా. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. మైసూరు చిరునామా పక్కన 570తో మొదలయ్యే ఆరంకెలుంటే ఆ ప్రతి అంతకు ముందుది కాదు. 'కర్ణాటక' అన్న పేరు కనిపిస్తే 1973 నవంబరు తర్వాతది. అమెరికన్ పుస్తకాల్లో ఇంకో మంచి గుర్తుంది. మిషిగన్ స్టేట్ కాలేజీ 1955లో యూనివర్సిటీ అయింది, కాబట్టి ప్రెస్ పేరులో 'కాలేజీ' ఉందా 'యూనివర్సిటీ' ఉందా అన్నదే ఒక తేదీ. ఇక ఐఎస్‌బీఎన్ 1970ల నుంచి పది అంకెలతో, 2007 నుంచి పదమూడంకెలతో నడుస్తోంది. 1958 నాటిదని అమ్మే పుస్తకం వెనక ఐఎస్‌బీఎన్ కనిపిస్తే ఇంక బేరం అక్కర్లేదు.

మూడోది ఆ రచయిత ఇతర పుస్తకాల జాబితా. టైటిల్ పేజీకి ఎదురుగానో, హాఫ్ టైటిల్ (టైటిల్ పేజీకి ముందు పుస్తకం పేరు మాత్రమే ఉండే పేజీ) వెనకో ఇది ఉంటుంది. 'ది గైడ్' ప్రతిలో ఆ జాబితాలో 'ది మ్యాన్ ఈటర్ ఆఫ్ మాల్గుడి' కూడా ఉంటే అది 1958 ప్రతి కాదు. అట్ట మీది బొమ్మలు కూడా ఇలాగే సాక్ష్యం చెబుతాయి. ఇండియన్ థాట్ ముద్రణలకు ఆర్.కె. లక్ష్మణ్ వేసిన బొమ్మలు మనకు కంటికి అలవాటైపోయాయి. 1935 నాటికి లక్ష్మణ్ పద్నాలుగేళ్ల కుర్రాడు. ఆయన అట్టబొమ్మ ఉన్న 'స్వామి' లండన్ తొలి ముద్రణ అయ్యే వీలే లేదు.

జాకెట్

పుస్తకం మీది వదులు కాగితపు జాకెట్ ఎప్పుడో చిరిగిపోవడానికే పుట్టినట్టు ఉంటుంది. అందుకే తొలి ముద్రణ వెలలో ఎక్కువ భాగం దానిదే. జాకెట్ లేని ప్రతికీ ఉన్న ప్రతికీ ధరలో చాలా రెట్లు తేడా ఉండటం మామూలు. కాబట్టి మోసాలకూ పొరపాట్లకూ ఎక్కువ చోటు ఇక్కడే.

ముందు మడత, అంటే ఫ్లాప్, చూడాలి. బ్రిటిష్ జాకెట్లలో వెల సాధారణంగా ముందు ఫ్లాప్ కింది మూలన, అమెరికన్ వాటిలో పై మూలన ఉంటుంది. బహుమతిగా ఇచ్చేవాళ్లు ఆ మూలను కత్తిరించేవాళ్లు. కత్తిరిస్తే అందం తగ్గడం ఒక నష్టం, సాక్ష్యం పోవడం అంతకంటే పెద్ద నష్టం. అసలు వెలే అచ్చు కాని అమెరికన్ జాకెట్, వెనక అట్ట అడుగున చిన్న నొక్కుడు గుర్తు ఉంటే బుక్ క్లబ్ ముద్రణ (క్లబ్ సభ్యుల కోసం విడిగా వేసినది) అని అనుమానించాలి.

తర్వాత జాకెట్ వెనకవైపు మాటలు. అదే పుస్తకం గురించి పత్రికల సమీక్షల నుంచి ఎత్తిరాసిన మెచ్చుకోళ్లు ఉంటే ఆ జాకెట్ రెండో విడతది అయ్యుండాలి, ఎందుకంటే మొదటి విడత నాటికి సమీక్షలు ఇంకా రాలేదు. ముందు పుస్తకాల మీది సమీక్షలైతే ఫరవాలేదు. 'ది గైడ్'కు 1960 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. జాకెట్ మీద దాని ప్రస్తావన ఉంటే లోపలి పుస్తకం 1958దే అయినా జాకెట్ మాత్రం దానిది కాదు. తర్వాతి ముద్రణ జాకెట్‌ను తీసి తొలి ముద్రణ మీద తొడగడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. పట్టుకోవడానికి ఒక సులువు ఉంది. పుస్తకం అట్టల మీది ఎండ మచ్చలు, తడి మరకలు, వెన్ను వెలిసిన తీరు జాకెట్ మీది వాటితో సరిపోవాలి. జాకెట్ మీద పెద్ద నీటి మరక ఉండి కింది క్లాత్ అట్ట శుభ్రంగా ఉంటే ఆ రెండూ కలిసి పెరగలేదు.

రంగు ప్రింటర్ మీద తీసిన నకలు జాకెట్లు ఇంకో రకం. నకలు అని చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకపోతే భూతద్దంతో బయటపడుతుంది. పాత లిథో (చదును పలకతో వేసే అచ్చు), లెటర్‌ప్రెస్ (ఉబ్బెత్తు అక్షరాలతో నొక్కే అచ్చు) పద్ధతుల్లో రంగు నిండుగా గానీ, క్రమమైన వరసల్లో చుక్కలుగా గానీ పడుతుంది. ఇంక్‌జెట్‌లో చెల్లాచెదురు చుక్కలు కనిపిస్తాయి. పాత జాకెట్ మడతల దగ్గర కాగితం పీచు బయటికొచ్చి తెల్లబడుతుంది. నకల్లో ఆ తెలుపు కూడా అచ్చులోనే పడి ఉంటుంది, వేలు పెట్టి రాస్తే నున్నగా తగులుతుంది.

పుస్తకాన్ని విప్పి లెక్కపెట్టడం

మన దేశంలో దొరికే బ్రిటిష్ తొలి ముద్రణల్లో చాలావరకు క్లబ్బుల నుంచి, కాలేజీల నుంచి, అద్దె లైబ్రరీల నుంచి బయటికొచ్చినవే. వాటికి జాకెట్ పోయి రెక్సిన్ బైండింగ్ పడి ఉంటుంది. అంతవరకైతే కంటికి కనిపిస్తుంది. కనబడని నష్టం లోపల ఉంటుంది. బైండర్ కుట్టే ముందు మొదటి ఖాళీ కాగితాన్ని, హాఫ్ టైటిల్‌ను, చివరి ప్రకటనల పేజీలను తీసేస్తాడు. అంచులు సమం చేయడానికి కత్తెర వేస్తాడు. ఒక్కో వైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు పోయినా పుస్తకం కొలత మారిపోతుంది. అందుకని టైటిల్ పేజీ ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి బైండింగ్ మారని మరో ప్రతితో పోల్చాలి. లైబ్రరీ క్యాటలాగుల్లో ఉండేది సాధారణంగా అట్ట ఎత్తు, అదీ పై సెంటీమీటరుకు సవరించినది. క్రౌన్ ఆక్టావో (అప్పటి బ్రిటిష్ నవలల మామూలు సైజు) నవల ఎత్తు సుమారు 19 సెంటీమీటర్లు. పేజీ ఎత్తు మరో ప్రతికంటే బాగా తక్కువ వస్తే కత్తిరించి ఉండొచ్చు.

పేజీ నంబర్లు చూసి సరిపెట్టుకోకూడదు, కాగితాలనే లెక్కపెట్టాలి. ఫారం (ఒకటిగా మడిచి కుట్టే కాగితాల కట్ట) ఎనిమిది కాగితాలదైతే, అంటే పదహారు పేజీలదైతే, ప్రతి ఫారం మధ్యలో కుట్టుదారం కనిపిస్తుంది. ఒక ఫారంలో దారానికి అటు నాలుగు, ఇటు మూడు కాగితాలు వస్తే ఒకటి పోయింది. కొన్ని పుస్తకాల్లో ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అక్షరం ఉంటుంది, బి, సి, డి అని వరసగా. వరస తప్పితే ఫారాలు తారుమారుగా కుట్టారు, లేదా ఒకటి లేదు.

యుద్ధ కాలపు బ్రిటిష్ పుస్తకాలను ఈ కళ్లతోనే కాస్త దయగా చూడాలి. కాగితపు రేషన్ వల్ల 1942 నుంచి పుస్తకాలకు పొదుపు ప్రమాణాలు పెట్టారు. పల్చటి కాగితం, ఇరుకు మార్జిన్లు, చిన్న అచ్చు అప్పటివి. రేషన్ 1949 దాకా నడిచింది. 1945 నాటి 'ది ఇంగ్లిష్ టీచర్' గోధుమ రంగుకు తిరిగి ఉంటే అది సహజమే, పాలలా తెల్లగా ఉంటేనే అనుమానం రావాలి.

అచ్చు తీరును కూడా పరీక్షించవచ్చు. కిటికీ దగ్గర కాగితాన్ని వాలుగా పట్టుకుంటే లెటర్‌ప్రెస్ అక్షరం కాగితంలోకి దిగిన నొక్కు కనిపిస్తుంది, వెనకవైపు వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. ఆఫ్‌సెట్‌లో ఆ నొక్కు ఉండదు. లెటర్‌ప్రెస్‌లో వేసిన నవలకు ఆఫ్‌సెట్ ప్రతి దొరికిందంటే అది తర్వాత ఫొటో తీసి వేసినది. లండన్ ప్రతి, అమెరికన్ ప్రతి ఒకే కూర్పా కాదా తేల్చడానికి ఇంకా సులువైన పద్ధతి ఉంది. పుస్తకంలో అక్కడక్కడా నాలుగైదు పేజీలు తీసుకుని వరసలు ఏ మాట దగ్గర విరిగాయో పోల్చాలి. అన్నీ ఒకేచోట విరిగితే ఒకే కూర్పు.

బయటి రికార్డులు: 'ది గైడ్' ఉదాహరణ

ఒకే సంవత్సరంలో రెండు దేశాల్లో వచ్చిన పుస్తకాల దగ్గర పుస్తకంలోని సాక్ష్యం అయిపోతుంది. 'ది గైడ్' మెథ్యూన్‌లోనూ వైకింగ్‌లోనూ 1958 అనే ఉంటుంది. ఏ నెల ముందు అన్నది బయట వెతకాల్సిందే. అమెరికా వైపు కాపీరైట్ నమోదుల క్యాటలాగులో ప్రచురణ తేదీ రోజుతో సహా ఉంటుంది, ఆ సంపుటాల స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. బ్రిటన్ వైపు 1950లో మొదలైన బ్రిటిష్ నేషనల్ బిబ్లియోగ్రఫీ వారంవారం సంచికల్లో పుస్తకం ఎప్పుడు ఎక్కిందో చూడాలి. బ్రిటిష్ లైబ్రరీకి చట్టప్రకారం చేరిన ప్రతి మీది తేదీ ముద్రను క్యాటలాగు సిబ్బందిని అడిగితే తెలుసుకోవచ్చు. ఆపై 'టైమ్స్ లిటరరీ సప్లిమెంట్', 'న్యూయార్క్ టైమ్స్' సమీక్షల తేదీలు. సమీక్ష వచ్చిన తేదీ ప్రచురణ తేదీ కాదు, కానీ పుస్తకం అంతకంటే ఆలస్యంగా వచ్చి ఉండదన్న హద్దు గీస్తుంది. ఒక్క ఆధారంతో ముందువెనకలు తేల్చకూడదు. కనీసం రెండు, అవి ఒకదాన్నుంచి ఒకటి ఎత్తిరాసుకోనివి, కావాలి.

ఎన్ని ప్రతులు వేశారన్నది ప్రచురణకర్తల ఖాతాల్లో ఉంటుంది. మాక్‌మిలన్ పాత పత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో, బాడ్లీ హెడ్ పత్రాలు రీడింగ్ యూనివర్సిటీలో ఉన్నాయి. నారాయణ్ ఏజెంటు డేవిడ్ హైయం సంస్థ పత్రాలు ఆస్టిన్‌లోని హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో, నారాయణ్ సొంత పత్రాలు బోస్టన్ యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. ఈ సంస్థలకు రాసేటప్పుడు 'నారాయణ్ గురించి ఏముంది' అని అడిగితే సూచిక పంపి ఊరుకుంటారు. 'ది డార్క్ రూమ్, 1938, ముద్రణ సంఖ్య, బైండింగ్ ఆర్డరు' అని అడిగితే పేజీ తీసి చూస్తారు.

మైసూరు ప్రతులకు మరో అడ్డంకి ఉంది. 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ చట్టం కింద బ్రిటిష్ ఇండియాలో అచ్చయిన ప్రతి పుస్తకం వివరాలూ మూడు నెలలకోసారి ప్రభుత్వ జాబితాలో వచ్చేవి. పేరు, భాష, ముద్రాపకుడు, ప్రచురణకర్త, తేదీ, పేజీలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు, వెల, అన్నీ. పరిశోధకుడికి దాన్ని మించిన నిధి లేదు. మైసూరు అప్పట్లో సంస్థానం కావడంతో 1943 'మాల్గుడి డేస్' లాంటివి మద్రాసు జాబితాల్లో దొరకవు. ఇండియన్ థాట్ తొలి పుస్తకాలకు అందుకే పుస్తకం చివర ఉండే ముద్రాపకుడి పేరే ముఖ్య ఆధారం. 'మిస్టర్ సంపత్' పాత్రకు మూలమైన చెలువ అయ్యంగార్ నడిపిన సిటీ పవర్ ప్రెస్ పేరు అక్కడ కనిపిస్తే నవలా చరిత్రా, అచ్చు చరిత్రా ఒకే వరసలో కలుస్తాయి.

ఈ పద్ధతి తెలుగు నవలలకు

మద్రాసు జాబితాలు ఎక్కువ ఉపయోగపడేది తెలుగు పుస్తకాలకే. విజయవాడలో, రాజమండ్రిలో, మద్రాసులో స్వాతంత్ర్యానికి ముందు అచ్చయిన తెలుగు నవల ఎన్ని ప్రతులు వేశారో వాటిలో చూడొచ్చు. హైదరాబాదులో అచ్చయినవి నిజాం రాజ్యంలోవి కాబట్టి అందులో ఉండవు, మైసూరు పుస్తకాల్లాగే.

పాత తెలుగు పుస్తకాల్లో ఇంగ్లిష్ సంవత్సరం లేక 'ప్రభవ' అనో 'రక్తాక్షి' అనో ఉంటే ఒక జాగ్రత్త కావాలి. తెలుగు సంవత్సరం ఉగాది నుంచి ఉగాది వరకు. 'ప్రభవ' అంటే 1927 ఏప్రిల్ నుంచి 1928 మార్చి దాకా. నెల తెలియకపోతే 1927–28 అని రాయాలి తప్ప 1927 అని తేల్చేయకూడదు. అరవై ఏళ్లకు అదే పేరు తిరిగొస్తుంది గానీ లెటర్‌ప్రెస్ నొక్కు, వెలలో అణాలు చూస్తే 1987తో పొరపడటం ఉండదు.

పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలకు పుస్తకం తొలి ముద్రణ వేరు, తొలి ప్రచురణ వేరు. విశ్వనాథ 'ఏకవీర' పుస్తకం కంటే ముందు 'భారతి'లో వచ్చింది. యద్దనపూడి 'సెక్రటరీ' 'జ్యోతి' మాసపత్రికలో వచ్చింది. అలాంటి రచయితను సేకరించేవాళ్లు ఆ సంచికలను కూడా వెతకాలి, ఎందుకంటే పుస్తకంగా వేసేటప్పుడు రచయిత చేసిన మార్పులు వాటితో పోల్చితేనే తెలుస్తాయి. మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురై తర్వాత మళ్లీ అచ్చయిన ఉన్నవ 'మాలపల్లి'కి పాఠం పోల్చి చూడటం ఇంకా అవసరం. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఈ పనికి వెళ్లాల్సిన చోట్లు. డిజిటల్ స్కాన్లు చదువుకోవడానికి మంచివే కానీ అట్టలను, వెల ఉన్న చివరి పేజీని చాలాసార్లు వదిలేస్తాయి. తేదీ తేల్చడానికి వాటి మీదే ఆధారపడకూడదు.

కొనే ముందు, కొన్నాక

దూరం నుంచి కొంటుంటే ఏడు ఫొటోలు అడగాలి: టైటిల్ పేజీ, దాని వెనక పేజీ మొత్తం, హాఫ్ టైటిల్ వెనక జాబితా, జాకెట్ రెండు ఫ్లాపులు, జాకెట్ వెనక భాగం, జాకెట్ తీసిన తర్వాత పుస్తకం వెన్ను, చివరి అచ్చు పేజీ. వీటిలో ఒక్కటి పంపడానికి కూడా అమ్మేవాళ్లు తటపటాయిస్తే కొనకపోవడం మేలు. వివరణలో 'వెరీ గుడ్/గుడ్' అని ఉంటే మొదటిది పుస్తకం స్థితి, రెండోది జాకెట్ స్థితి. ఈ వ్యాపారంలో 'గుడ్' అంటే చదవడానికి పనికొచ్చే మామూలు ప్రతి అని, అంతకుమించి కాదు.

కొన్న పుస్తకాన్ని నేరుగా అరలో పెట్టకూడదు. పొడి, పురుగు రంధ్రాలు, సిల్వర్ ఫిష్ కొరికిన గుర్తులు కనిపిస్తే గాలి చొరబడని పాలిథిన్ సంచిలో మూసి, ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వాలి, లేకపోతే చల్లటి కాగితం మీద తేమ చేరి బూజు పడుతుంది. నాఫ్తలీన్ గోళీలు వద్దు. జాకెట్‌కు పాలియెస్టర్ తొడుగు వేయాలి, పీవీసీ వేయకూడదు. పీవీసీ కొన్నేళ్లకు అంటుకుని రంగు లాగేస్తుంది. చిరుగుకు సెల్లోటేప్ వేస్తే పదేళ్లలో గోధుమ రంగు మరక మిగులుతుంది, అది పోదు. మన తీర జిల్లాల గాలిలో తేమను 50 శాతం దగ్గర ఉంచడం కష్టమే. కనీసం అరను బయటి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచితే చెదలకూ బూజుకూ సగం దారి మూసుకుపోతుంది.

ప్రతి పుస్తకానికీ ఒక కార్డు రాయాలి. ప్రచురణకర్త, ఊరు, టైటిల్ పేజీ వెనక ఉన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా, ముద్రాపకుడు, పేజీల లెక్క, ఎత్తు మిల్లీమీటర్లలో, అట్ట క్లాత్ రంగు, వెన్ను మీది అక్షరాలు, జాకెట్ వెల, ఎక్కడ కొన్నది. మునుపటి యజమాని సంతకం, తేదీ ఉంటే తప్పకుండా ఎక్కించాలి. 1938 డిసెంబరు తేదీతో మద్రాసులో ఎవరో పేరు రాసుకున్న 'ది డార్క్ రూమ్' ప్రతి ఆ నెలకే మద్రాసు చేరిందని చెబుతుంది, ఏ క్యాటలాగూ ఆ సంగతి చెప్పదు. ఒకే నవల రెండు ప్రతుల అట్ట క్లాత్ రంగులు వేరుగా కనిపిస్తే వెంటనే ఒకటి నకిలీ అనుకోవద్దు. అచ్చేసిన కాగితాలన్నిటినీ ప్రచురణకర్తలు ఒకేసారి బైండ్ చేయించేవాళ్లు కాదు, అమ్మకాన్ని బట్టి విడతలుగా చేయించేవాళ్లు. ఏ రంగు ముందన్నది తేలాలంటే తేదీ ఉన్న సంతకాలతో మరిన్ని ప్రతుల కార్డులు ఒకచోట చేరాలి.